దమయంతి మింగిన అర బిళ్ళ

వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడ్డానికి వస్తుంటారు. ఏ నెలలో ఎంత బరువు పెంచాలి, పోటీకి ముందు వారం ఏం తినిపించాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి నాయనా, అక్కడ చూసుకోండి అంటాను. ఇనుము ఎత్తడం ఎవరైనా నేర్పుతారు. నోరు కాచుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు. నా ఉద్యోగమంతా తలుచుకుంటే చివరికి ఈ ఒక్క సంగతి దగ్గరే ఆగిపోతాను కాబట్టి దాని గురించే రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు.

గోడౌను

తొంభైల చివర్లో నన్ను పలాస వేశారు. కోచ్‌ని వేశారు గానీ హాలు లేదు. కాశీబుగ్గ వైపు మూతపడిన జీడిపప్పు ఫ్యాక్టరీ గోడౌను ఒకటి ఉంటే, దాని యజమాని దయతలిచి తాళం చేతిలో పెట్టాడు. నేల మీద మందపాటి చెక్కలు పరిచాం. ఒక బారు, తుప్పు పట్టిన కొన్ని ప్లేట్లు, అంతే మా ఆస్తి. గోడలకి పట్టిన జీడి కమురు వాసన ఎన్ని సున్నాలు వేసినా పోలేదు.

తెల్లారేసరికి పిల్లలు దిగేవాళ్ళు. టెక్కలి వైపు వాళ్ళు బస్సులో, మందస వైపు వాళ్ళు పాసింజరులో. బారు కింద పడిందంటే పైన రేకులన్నీ గల్లుమనేవి. పక్క ఫ్యాక్టరీల్లో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఆ చప్పుడు విని, "మేస్టారి గుంటలు దిగిపోనారే" అనుకునేవారట.

ఆ చప్పుడు కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుపోతుంది. పొద్దున్నే మెలకువ వచ్చాక మంచం మీదే కాసేపు చెవులు రిక్కించి పడుకుంటాను. పాల ఆటో వెళ్తుంది, కుళాయి దగ్గర బిందెలు మోగుతాయి. బారు మాత్రం పడదు. పిచ్చి కాకపోతే, రిటైరై వచ్చి చేరిన ఈ పల్లెలో ఎందుకు పడుతుంది?

కూర్మారావు గోడ దూకిన రోజు

మా ప్రాంతంలో ఒళ్ళు నొప్పి అంటే సూదే మందు. నాట్లేసి వచ్చిన ఆడమనిషి, కొబ్బరి చెట్టు దిగిన మగమనిషి, వల లాగి వచ్చినవాడు, అందరూ సాయంత్రం ఆర్ఎంపీ డాక్టరు అరుగు మీద వరసగా కూర్చుని చొక్కా చెయ్యి పైకి లాక్కునేవారు. అది ఏం సూది అని అడిగినవాడిని నేను చూడలేదు. అడిగితే డాక్టరుకి కోపం వచ్చేది కూడా. అలాంటి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకి, ఆటగాడి ఒంట్లోకి పోకూడని మందులు కొన్ని ఉంటాయని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

కూర్మారావు భావనపాడు వైపు కుర్రాడు. సముద్రం మీద పెరిగిన ఒళ్ళు, చేతుల్లో మెరుపు ఉండేది. ఒక ఏడాది సెలవులకి విశాఖపట్నం వెళ్ళి, అక్కడ ఏదో జిమ్ములో చేరి, తిరిగొచ్చేసరికి భుజాలు చొక్కాలో పట్టడం లేదు. వీపు నిండా మొటిమలు.

"ఏరా, ఏటి తింటన్నావు?" అని అడిగాను.

"సేపలు మేస్టారూ."

"సేపలు మీ ఊరంతా తింటన్నారు. మీ నాన్నకి రాని భుజాలు నీకెలా వచ్చీసినాయి?"

వాడు నేల చూపులు చూశాడు. ఆ ఏడాదే రాష్ట్ర పోటీల్లో, పరీక్షల వాళ్ళు మూత్రం శాంపిలు తీసుకోవడానికి వచ్చారన్న మాట వినగానే, మా వీరుడు బాత్రూముల వెనక గోడ దూకి పారిపోయాడు. బూట్లు అక్కడే వదిలేశాడు. పరీక్ష నుంచి పారిపోయినవాడికి, పరీక్షలో దొరికినవాడికి ఒకటే శిక్ష. ఆ సంగతి వాడికి తెలియదు పాపం. తర్వాత వచ్చి నా కాళ్ళ మీద పడి, "నాకేటీ తెల్దు మేస్టారూ, విటమినని ఏసినారు" అని భోరుమన్నాడు. లేపి కూర్చోబెట్టి టీ ఇప్పించాను గానీ, ఆ మాట నేను నమ్మలేదు. తెలియనివాడు గోడ దూకడు కదా.

దాని తర్వాతే మా గోడౌనులో నోటి హాజరు మొదలుపెట్టాను. బారు ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరూ నిలబడి, నిన్న పొద్దున్నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారో పైకి చెప్పాలి. అంబలి, ఎండుచేప, పనసతొన, బడి దగ్గర కొన్న పుల్ల ఐసు, అన్నీ. మొదట్లో ఒకటే నవ్వులు. ఒకడు లేచి, "దోమ ఒకటి ఎల్లిపోనాది మేస్టారూ, అది రాసుకుంటారేటి?" అన్నాడు. నవ్వనీ అనుకున్నాను. నవ్వుతూ నవ్వుతూనే అడగడం అలవాటైంది. దగ్గు మందు తాగే ముందు కూడా నా దగ్గరికి సీసా పట్టుకొచ్చేవాళ్ళు. అడగడానికి సిగ్గుపడని పిల్లల్ని తయారు చేశానని నాకు కాస్త గర్వంగా ఉండేది.

సుమ్మాదేవి పిల్ల

దమయంతి సుమ్మాదేవి స్టేషనులో పాసింజరు ఎక్కి వచ్చేది. తండ్రి లోకనాథానికి ఉద్దానంలో కొద్దిగా కొబ్బరి, కొద్దిగా జీడితోట. తల్లి ఈశ్వరమ్మ పలాసలో పిక్కలు కొట్టే పనికి వచ్చేది. జీడి రసం తగిలి ఆవిడ వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉండేవి. ఒక రోజు కూతుర్ని వెంటబెట్టుకుని గోడౌను గుమ్మంలో నిలబడి, "మేస్టారూ, మా గుంటకి ఒంట్లో బలం ఎక్కువైపోనాది. కొబ్బరికాయల బస్తా ఒక్కర్తీ ఎత్తీసి బండిలో పడీస్తంది. ఏటైనా సెయ్యండి" అంది.

ఏమైనా చేయడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ పిల్లకి బారు కింద కూర్చోవడం పుట్టుకతో వచ్చింది. నేను ఎంతోమందిని చూశాను. మొయ్యగలిగేవాళ్ళు ఉంటారు, దమ్మున్నవాళ్ళు ఉంటారు. బారు పైకి లేస్తున్న సమయంలోనే భయం లేకుండా దాని కిందకి దిగిపోయేవాళ్ళు ఎప్పుడో ఒకరు దొరుకుతారు. నాకు ఒక్కతే దొరికింది.

అప్పటికే లోకనాథం కాళ్ళు వాచిపోవడం మొదలైంది. ఉద్దానంలో చాలా ఇళ్ళల్లో అలాంటి మనిషి ఒకరు ఉండేవారు. అక్కడి నీళ్ళలోనే ఏదో ఉందనేవారు. పొద్దున్న ముఖం ఉబ్బి లేవడం, సాయంత్రానికి కాళ్ళల్లోకి నీరు దిగడం. కిడ్నీలు పాడైపోయాయని విశాఖలో చెప్పి బిళ్ళలు రాసిచ్చారు. అందులో ఒకటి, ఒంట్లో నీరు బయటికి లాగేసే చిన్న తెల్ల బిళ్ళ. ఊళ్ళో దాన్ని నీరు బిళ్ళ అనేవారు. ఉప్పు, చింతపండు ఉన్నట్టే ఆ ఇళ్ళల్లో గూట్లో నీరు బిళ్ళ ఉండేది. ఒకరింట్లో అయిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకునేవారు.

బరువు చూసిన పొద్దున్న

జాతీయ పోటీలకి ఉత్తరాది ఊరు వెళ్ళాం. దమయంతిది యాభైమూడు కిలోల తరగతి. అక్కడ గనక పతకం వస్తే జాతీయ జట్టు క్యాంపుకి పిలుపు, దాని వెనకే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. ఆ ఉద్యోగం వస్తే తండ్రిని విశాఖలో పెట్టుకుని వైద్యం చేయించాలని ఆ పిల్ల ఆశ. దారి పొడుగునా రైల్లో అదే చెప్పింది.

పోటీ రోజు పొద్దున్న నోటి హాజరు చెప్పాక కాటా మీద నిలబెడితే కాస్త బరువు ఎక్కువ చూపించింది. ఇది మామూలే. స్వెట్టరు వేసుకుని పరుగెత్తమన్నాను, నిమ్మచెక్క నోట్లో పెట్టుకుని ఉమ్మమన్నాను. నేను పక్క గదిలో పేర్లు ఇవ్వడానికి వెళ్ళాను. వచ్చేసరికి పిల్ల బాత్రూములోంచి వస్తోంది. మళ్ళీ కాటా మీదకి ఎక్కితే ముల్లు సరిగ్గా నిలిచింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రోజు ఆమె చేసిన స్నాచ్ నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. బారు నేల మీద నుంచి లేవడం చూశాను, తల మీద ఆగడం చూశాను. మధ్యలో ఏం జరిగిందో చూడలేకపోయాను, అంత వేగం. ఎత్తింది చెల్లిందని జడ్జీల మూడు తెల్ల దీపాలూ ఒక్కసారి వెలిగాయి. ఆ తర్వాత జెర్క్‌కి ముందు పిక్కలు పట్టేశాయని కూలబడింది. ఎప్పుడూ అలా పట్టేసే ఒళ్ళు కాదు. రుద్ది రుద్ది లేపాను. పళ్ళు బిగించి ఎత్తేసింది. రజతం వచ్చింది. శాంపిలు తీసుకునే ఆవిడ, ఈ మధ్య మందులేమైనా వేసుకున్నావా అని అడిగితే, లేదని చెప్పింది. అబద్ధం చెప్తున్నానన్న ఆలోచన కూడా ఆ పిల్లకి లేదు. ఆ రాత్రి రైల్లో పతకం మెడలో వేసుకునే పడుకుంది.

కబురు

కబురు నాకు మా వెయిట్‌లిఫ్టింగ్ సంఘం సెక్రటరీ గారి నుంచి వచ్చింది. పలాస నుంచి సుమ్మాదేవి ఎంత దూరం? ఆ రోజు మాత్రం పాసింజరు నన్ను ఎక్కడికో తీసుకుపోతున్నట్టే ఉంది. ఇంటికి వెళ్ళేసరికి లోకనాథం పెరట్లో మంచం మీద ఉన్నాడు. దమయంతి కొబ్బరి పీచు ఒలుస్తోంది. నన్ను చూసి క్యాంపు పిలుపు వచ్చిందనుకుని లేచి పరుగెత్తుకొచ్చింది.

"పరీక్షలో మందు దొరికింది" అన్నాను. "ఏటి ఏసుకున్నావమ్మా? నిజం సెప్పు."

"నానేటీ ఏసుకోనేదు మేస్టారూ, ఒట్టు."

"ఒంట్లో నీరు లాగీసే మందట."

అప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. వెనక్కి తిరిగి గూటి వైపు చూసింది. ఈశ్వరమ్మ గుండెలు బాదుకుంటూ, "ఓలమ్మో, నానే ఇచ్చినాను బాబూ! బరువు దిగకపోతే ఏసుకోమని అర బిళ్ళ కొంగున కట్టి ఇచ్చినాను. అదీ మందేనా? మా ఇంట్లో రోజూ ఏసుకున్నదే కదా!" అని ఏడ్చింది.

ఆ బిళ్ళ బరువు దింపడమే కాదు, ఒంట్లో ఇంకేదైనా మందు ఉంటే దాన్నీ నీటితో పాటు కడిగేసి దాచేస్తుంది. అందుకే దాన్ని నిషేధించారు. దాచడానికి ఏమీ లేని పిల్ల వేసుకున్నా అది తప్పే. ఇదంతా ఆ తల్లికి నేను చెప్పుకొస్తుంటే మంచం మీద నుంచి లోకనాథం, "నా బిళ్ళేనా?" అని ఒక్క మాట అడిగాడు.

మర్నాటి నుంచి లోకనాథం బిళ్ళ మింగడం మానేశాడు. ఇస్తే బుగ్గన పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు ఉమ్మేసేవాడు. కాళ్ళు దుంగల్లా అయిపోయాయి. విషయం తెలిసి నేను వెళ్ళిన పొద్దున్న దమయంతి ఆయన మంచం పక్కన కూర్చుని ఉంది. ఒక చేతిలో బిళ్ళ, ఒక చేతిలో నీళ్ళు.

"నాకొద్దే. నీ బతుకు తినీసింది అది" అంటున్నాడు ఆయన.

"అదేటి తినీసింది నాన్నా? నువ్వు మింగితే మందు, నాను మింగితే తప్పు. బిళ్ళకేటి తెల్సు? మింగు."

ఆయన మింగాడు. దమయంతి లేవలేదు. "నోరు తెరు" అంది. తెరిచాడు. నాలిక కింద కూడా చూసి అప్పుడు లేచింది. ఆ రోజు నుంచి ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ పని ఇంకెవరికీ వదల్లేదు.

విచారణ

సెక్రటరీ గారు మంచి మనిషే. పిల్ల మీద జాలి ఉంది ఆయనకి. నన్ను పక్కకి పిలిచి, "మాస్టారూ, తల్లి మజ్జిగలో కలిపి పట్టేసిందని చెప్పించండి. పిల్లకి తెలియనే తెలియదని చెప్పండి. శిక్ష తగ్గుతుంది" అన్నారు. నాకూ ఆశ పుట్టింది, ఎందుకు దాచాలి? ఈశ్వరమ్మ అయితే అంతకు ముందే సిద్ధంగా ఉంది. "నానే కలిపీసినానని సెప్తాను. నన్ను జైల్లో ఎట్టుకున్నా పరవాలేదు" అంది.

దమయంతి ఒప్పుకోలేదు. "మాయమ్మ ఇచ్చినాది. నోట్లో ఏసుకున్నది నాను. మాయమ్మ నా నోరు తెరిసి ఎయ్యనేదు" అంది. శాంపిలు రెండు సీసాల్లో పోసి ఒకటి దాచి ఉంచుతారు, ఆ రెండో సీసా కూడా తెరిపించి చూడమంటావా అని అడిగితే, అందులో ఏముందో నాకు తెలుసు కదా అని అదీ వద్దంది.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. ఆ పిల్ల తెలుగులో చెప్తే నేను తర్జుమా చేశాను. ఇది నిషేధించిన మందని నీకు తెలుసా అని పెద్దాయన అడిగాడు.

"తెల్దండి. సూదులు, పొడుములు తప్పని తెల్సు. నాన్న బిళ్ళ తప్పని తెల్దు" అంది. నేను దాన్ని తర్జుమా చేసి ఊపిరి పీల్చుకుంటున్నాను, అక్కడితో ఆగితే బాగుండునని. ఆగలేదు. "కానీ అడగొచ్చు కదండీ. మేస్టారు పక్క గదిలోనే ఉన్నారు. అడిగితే సెప్పుదురు. అడగనేదు."

తర్జుమా చెయ్యకుండా కూర్చుంటే పెద్దాయన ఏమందని రెండుసార్లు అడిగాడు. చేసేశాను. పతకం వెనక్కి తీసుకుని, రెండేళ్ళు ఆటలోకి రాకూడదన్నారు.

ఇది చదివే కుర్ర కోచ్‌లకి కోపం వస్తుందని నాకు తెలుసు. అంత చిన్న పొరపాటుకి అంత శిక్షా అంటారు. నేనూ ఎన్నో రోజులు ఆ కోపంతో అన్నం సరిగ్గా తినలేదు. కానీ ఒకటి ఆలోచించండి. "నాకు తెలియదు" అన్న మాటకి వదిలేసే నియమం ఉంటే, ఆ గుమ్మంలో మొదట నిలబడేది దమయంతి కాదు, కూర్మారావు. వాడు ఆ మాట ఆమె కంటే బాగా చెప్పగలడు, ఏడవగలడు కూడా. పక్కన నిలబడి, ఏమీ వేసుకోకుండా ఇనుము ఎత్తి ఓడిపోయిన పిల్లకి అప్పుడు ఎవరు జవాబు చెప్తారు? అందుకే ఒంట్లో ఉన్నదానికి ఒళ్ళున్నవాళ్ళదే బాధ్యత అన్నారు. ఆ నియమం నాకు నచ్చదు. అంతకంటే మంచిది నాకు తోచలేదు. కోచ్ ఎంత చెప్పినా, అమ్మ ఎంత ప్రేమగా ఇచ్చినా, డాక్టరు ఎంత ధైర్యం చెప్పినా, నోట్లోకి వెళ్ళే ముందు అది ఒక్క క్షణం ఆటగాడి అరచేతిలో ఉంటుంది. ఆ క్షణంలో అడగడం నేర్పండి. మిగతావన్నీ తర్వాత.

ఆ తర్వాత

ఆ రెండేళ్ళు దమయంతి గోడౌనులోకి రాలేదు, రాకూడదు. పొద్దున్న పాసింజరు దిగే పిల్లల్లో అలవాటుగా ఆమె కోసం చూసేవాణ్ణి. రెండో ఏడు లోకనాథం పోయాడు. శిక్ష అయ్యాక ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి పై తరగతిలో ఎత్తించాను, కడుపు నిండా తినమన్నాను. రాష్ట్ర పోటీల్లో మూడో స్థానం వచ్చింది. దీపాలు తెల్లగానే వెలిగాయి. కానీ బారు కిందకి దిగే ఆ వేగం లేదు, నాకు కనిపించింది, ఆమెకీ తెలిసింది. క్యాంపు పిలుపు మళ్ళీ రాలేదు. ఎంతెంత ఎత్తాల్సిన పిల్ల! ఆ మాట అనుకోని రోజు లేదు నాకు.

తర్వాత చదువుకుని హరిశ్చంద్రపురం దగ్గర ఒక బళ్ళో వ్యాయామ టీచరైంది. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. రేకుల షెడ్డు, చెక్కలు, ఒక బారు. పిల్లలంతా వరసగా నిలబడి ఉన్నారు. "సెప్పండి, నిన్నటి నుంచి నోట్లో ఏటేటి ఏసుకున్నారు?" అని అడుగుతోంది. ఒక పిల్ల అంబలి, జామకాయ అని మొదలుపెట్టింది. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. తర్వాత బారు పడింది, రేకులు గల్లుమన్నాయి. కళ్ళ నీళ్ళు ఆపుకోలేకపోయాను.

మా గోడౌను ఇప్పుడు లేదు, అక్కడ ఫంక్షన్ హాలు కట్టారు. రిటైరయ్యాక నేను ఉద్దానంలోనే మా ఊరు చేరాను. ఇక్కడి నీళ్ళే తాగి పెరిగినవాణ్ణి, నన్ను మాత్రం జబ్బు ఎందుకు వదులుతుంది? కిందటేడు కాళ్ళు వాచాయి. విశాఖలో చూపించుకుంటే బిళ్ళలు రాశారు. ఇంటికొచ్చి పొట్లం విప్పి చూస్తే అదే. చిన్నది, తెల్లది.

మొదటి రోజు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మింగలేకపోయాను. మళ్ళీ పొట్లంలో పెట్టేశాను. రెండో రోజూ అంతే. ఈ సంగతి నా భార్య ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పేసింది. మూడో రోజు పొద్దున్న ఫోను మోగింది.

"మేస్టారూ, హాజరు సెప్పండి" అంది దమయంతి.

"అంబలి తాగానమ్మా."

"ఇంకా?"

"ఒక జామకాయ."

"బిళ్ళ?"

అవతల పిల్లల గోల, బారు పడ్డ చప్పుడు వినిపిస్తున్నాయి.

"మేస్టారూ, మీరు మింగితే మందు. ఏసుకోండి, నాను ఇక్కడే ఉన్నాను."

వేసుకున్నాను. గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఆమెకి వినిపించి ఉండాలి.

"మింగీసినారా?"

"మింగానమ్మా."

"నోరు తెరవండి" అంది.

ఫోనులో ఏం కనిపిస్తుంది? అయినా తెరిచాను. నాలిక కూడా పైకెత్తి, ఆమె సరే అనేదాకా అలాగే కూర్చున్నాను.